జర్మనీ విపణిలో క్రొత్త వర్తకుడు

విదేశ వాణిజ్యమును గూర్చి ప్రసంగించునపుడు సామాన్యముగా సుంకములు, ఓడ కిరాయిలు, ద్రవ్య మారకపు రేట్లు ప్రస్తావనకు వచ్చును. ఇవి అవసరమైనవే. అయితే పరదేశపు విపణిలో నూతనముగా కాలిడిన సంస్థ యొక్క గెలుపు ఓటములు, ఆ దేశప్రజల అలవాట్లపైనను, కాలమునకును మాటకును వారిచ్చు విలువపైనను ఎంతగా ఆధారపడియుండునో తెలిసికొనుటకు జర్మనీ చక్కని ఉదాహరణము. 8 కోట్ల 30 లక్షలకు పైబడిన జనసంఖ్యతో ఐరోపా సమాజమునందు అది అన్నిటికంటె పెద్ద విపణి. అచటికి పోయి కోట్లు గడించిన విదేశీయులు కలరు. కోట్లు పోగొట్టుకొని తిరిగివచ్చినవారును కలరు. ఈ రెండవ తెగవారి చరిత్రలో మనము నేర్వదగినది ఎక్కువగా నున్నది గనుక అచటనుండియే మొదలు పెట్టుదము.

ప్రపంచములోని చిల్లర వర్తక సంస్థలలో అగ్రగణ్యమైన అమెరికా సంస్థ వాల్‌మార్ట్, 1997లో జర్మనీలో అడుగు పెట్టెను. అచటి రెండు సంస్థల దుకాణములను వరుసగా కొని, దేశమంతట వ్యాపించెను. తొలి అధిపతిగా అమెరికానుండి పంపబడిన అధికారికి జర్మన్ భాష రాదు. కార్యాలయములో ఆంగ్లమే వ్యవహారభాష అయ్యెను. వాకిటనిలిచి వచ్చినవారినెల్ల చిరునవ్వుతో పలుకరించుటకు మనుష్యులను నియమించిరి. కొన్న వస్తువులను సంచిలో సర్దిపెట్టుటకు వేరొకరిని నిలిపిరి. అమెరికాలో ఇవి మర్యాదలు. జర్మనుకు మాత్రము, ఎరుగని మనిషి కారణము లేకుండ నవ్వినచో అనుమానము కలుగును. తాను కొన్న వెన్నను, రొట్టెను పరుడు తాకుట అతనికి నచ్చదు. తన సంచి తాను వేగముగా సర్దుకొని పోవుట అతని అలవాటు.

ధరల విషయమునను అట్లే జరిగెను. పాలు, పంచదార వంటి నిత్యావసరములను కొన్న ధరకంటె తక్కువకు అమ్మి జనులను ఆకర్షింపబూనగా, 2000లో జర్మనీ పోటీ పరిరక్షణ కార్యాలయము అడ్డుపడి, ధరలు పెంచుడని ఆజ్ఞాపించెను. ఉద్యోగుల నడవడికి నియమావళి నొకదానిని ప్రకటించి, సహోద్యోగుల నడుమ ప్రేమవ్యవహారములు కూడదని అందులో వ్రాయగా, అది మనిషి గౌరవమునకు భంగకరమని 2005లో డ్యూసెల్‌డార్ఫ్ కార్మిక న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసెను. అన్నిటికంటె ముఖ్యముగా, చౌకధరలను అమెరికావారు జర్మనులకు నేర్పవలసిన పని లేదు. ఎస్సెన్ పట్టణములో చిన్న దుకాణముగా మొదలైన ఆల్డీ వంటి సంస్థలు ఆ విద్యలో ఆరితేరి ఎంతో కాలమైనది. తుదకు 2006లో, తొమ్మిదేండ్ల శ్రమ తరువాత, ఆ సంస్థ తన 85 దుకాణములను జర్మనీకే చెందిన మెట్రో సంస్థకు అమ్మివేసి వెళ్ళిపోయెను.

అదే సంవత్సరము, 2006లో, మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ జర్మనీ విపణిలో ప్రవేశించెను. ఆగ్స్‌బర్గ్ నగరములోని బెటాఫార్మ్ అను ఔషధ సంస్థను 48 కోట్ల యూరోలకు కొనెను. పేటెంటు తీరిన మందులను అమ్మువారిలో బెటాఫార్మ్ ఆ దేశమున నాలుగవది. వైద్యులతో దానికి మంచి సంబంధములుండెను. వైద్యుడు వ్రాసిన మందునే దుకాణదారు ఇచ్చుట నాటి ఆచారము. కాని 2007 ఏప్రిల్ నుండి క్రొత్త శాసనము అమలులోనికి వచ్చెను. ఆరోగ్య బీమా నిధి ఏ సంస్థతో ముదరా ఒప్పందము చేసికొన్నదో ఆ సంస్థ మందునే దుకాణదారు ఇయ్యవలెను. జర్మనీలో పదిమందిలో తొమ్మండుగురు ప్రభుత్వ విధానమునకు లోబడిన బీమా నిధులలో సభ్యులు. ఆ నిధులు టెండర్లు పిలువగా ధరలు పడిపోయినవి. వైద్యునితోడి పరిచయమునకు విలువ తగ్గినది. 2008-09 లెక్కలలో ఆ సంస్థ తన పెట్టుబడి విలువను వందల కోట్ల రూపాయల మేర తగ్గించి వ్రాసికొనవలసి వచ్చెను. అయినను అది జర్మనీని విడువలేదు. క్రొత్త పద్ధతికి తగినట్లు తన్ను తాను మార్చుకొనెను. అమెరికా సంస్థ ఆచారములను తెలిసికొనక నష్టపడగా, మన సంస్థకు శాసనము మారుటవలన దెబ్బ తగిలినది. జర్మనీకి పోవువారు ఈ రెంటినిగూర్చియు జాగరూకులై యుండవలెను.

ఇక ఆ జనుల స్వభావము అట్లు రూపొందుటకు కారణములేవో చూతము. జర్మన్ భాషలో అప్పునకును, తప్పునకును మూలమైన పదమొక్కటే. ‘షుల్ట్’ అనగా దోషము. అదే బహువచనములో ఋణములు. 1923లో ఆ దేశపు నాణెము విలువ పూర్తిగా నశించి, జీవితకాలము కూడబెట్టిన సొమ్ము రొట్టె ముక్కకు చాలకపోయెను. మరల యుద్ధానంతరము, 1948 జూన్ 20వ తేదీన పశ్చిమ జర్మనీలో క్రొత్త మార్కును ప్రవేశపెట్టి, మనిషికి తొలుత 40 మార్కులు పంచిరి. పాత నిల్వలలో అధికభాగము రద్దయ్యెను. ఒక శతాబ్దములో రెండుమారులు ఇట్టి దెబ్బ తిన్న జాతి అప్పునకు వెరచుటయు, చేతిలోని నగదును నమ్ముటయు వింత కాదు. నేటికిని దుకాణములలో జరుగు కొనుగోళ్ళలో ఇంచుమించు సగము నగదుతోనే జరుగుచున్నవి. ఫోనుతో చెల్లింపులు చేయుటకు అలవాటుపడిన మనవారికి ఇది ఆశ్చర్యము గొల్పును.

ఆ 1948 సంస్కరణతోపాటు లుడ్విగ్ ఎర్హార్డ్ ధరలపై నియంత్రణములను చాలవరకు ఎత్తివేసెను. అప్పటినుండి నెలకొన్న విధానమునకు ‘సామాజిక విపణి వ్యవస్థ’ అని పేరు. వర్తకమున పోటీ స్వేచ్ఛగా నుండవలెను. ఆ పోటీలో బలహీనుడు నలిగిపోకుండ రాజ్యము చూడవలెను. ఇదియే దాని సారము. జర్మనీలోని శాసనములన్నిటి వెనుక ఈ రెండు తలంపులును ప్రక్కప్రక్కన కనిపించును.

జర్మన్ సరకు అనగానే నాణ్యము గుర్తునకు వచ్చును. కాని ఈ కీర్తి పుట్టుకతో వచ్చినది కాదు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమునకు పోయిన జర్మన్ పండితుడు రూలో, తమ దేశపు వస్తువులు చౌకవి, నాసివి అని నిష్కర్షగా స్వదేశమునకు వ్రాసెను. 1887లో బ్రిటిష్ ప్రభుత్వము శాసనము చేసి, విదేశపు సరకులపై అవి తయారైన దేశము పేరు ముద్రింపవలెనని నిర్బంధించెను. జర్మన్ సరకును గుర్తించి కొనకుండుటకై ఏర్పడిన ఆ ముద్రయే, జర్మనులు తమ పనితనమును సరిదిద్దుకొన్న పిదప, ఘనతకు చిహ్నమైనది. మన కార్యాలయములలో నిత్యము వాడు ‘ఏ4’ కాగితపు కొలతకూడ 1922లో జర్మన్ ప్రమాణముగా వెలువడినదే. దేనికైనను ఒక కొలత, ఆ కొలతకు ఒక సంఖ్య, ఆ సంఖ్యకు అందరును కట్టుబడుట వారి పద్ధతి.

ఈ పనితనమునకు ఆధారము పెద్ద పెద్ద కంపెనీలు మాత్రమే యని తలపరాదు. జర్మనీలోని సంస్థలలో నూటికి 99కి పైగా చిన్నవి, మధ్యతరగతివి. వీనిని ‘మిట్టెల్‌స్టాండ్’ అందురు. పెక్కింటికి యజమానులు ఒకే కుటుంబమువారు; తాత పెట్టిన కర్మాగారమును మనుమరాలు నడుపుచుండును. ఏదో చిన్న పట్టణములో ఉండి, ఏదో ఒక్క యంత్రభాగమును మాత్రమే చేయుచు, దానిలో ప్రపంచమునకంతకును సరఫరా చేయు సంస్థలు అచట అనేకములు. మన వర్తకునకు తారసిల్లు కొనుగోలుదారు తరచుగా ఇట్టివాడే. అతడు రాబోవు మూడు నెలల లాభమునకంటె రాబోవు తరమునకు ఎక్కువ ప్రాముఖ్యము నిచ్చును. నూతన సరఫరాదారును నమ్ముటకు ఏండ్లు తీసికొనును. నమ్మిన పిమ్మట సులభముగా మార్చడు.

పనివారిని తయారుచేయు పద్ధతియు గమనింపదగినది. పాఠశాల ముగించిన యువకుడు వారములో కొన్ని దినములు కర్మాగారములోను, కొన్ని దినములు వృత్తిపాఠశాలలోను గడుపుచు, రెండు మొదలు మూడున్నర సంవత్సరములలో పని నేర్చుకొనును. ఇట్లు గుర్తింపబడిన వృత్తులు మూడు వందలకు మించియున్నవి. అందుచేత అచటి పనివానికి తన పనినిగూర్చి నిశ్చితమైన అభిప్రాయముండును. ‘ఏదో ఒక విధముగా సర్దివేయుము’ అని చెప్పిన యజమాని అతని దృష్టిలో పలుచనగును.

అయిదుగురు, అంతకుమించి పనివారున్న సంస్థలో వారు కోరినచో ఉద్యోగుల మండలిని ఎన్నుకొనవచ్చును. పనివేళలు, సెలవుల ఏర్పాటు, నియమావళులు మొదలగు విషయములలో ఆ మండలి సమ్మతి లేనిదే యజమాని మార్పు చేయజాలడు. రెండువేలకు మించిన ఉద్యోగులుగల కంపెనీలలో, 1976నాటి శాసనము ననుసరించి, పర్యవేక్షక సభలో సగము స్థానములు ఉద్యోగుల ప్రతినిధులవి. విదేశీయులు మొదట దీనిని అడ్డంకిగా భావింతురు. కాని ముందుగా సంప్రదించి చేసిన నిర్ణయము తరువాత చిక్కులేకుండ అమలగుట అనుభవముమీద తెలియును.

సంస్థను నెలకొల్పు క్రమమును సంక్షేపముగా చెప్పుదుము. విదేశీయులు ఎక్కువగా ఎన్నుకొనునది ‘గే-ఎమ్-బే-హా’ అను పరిమిత బాధ్యతా సంస్థ. దీనికి శాసనము 1892 నాటిది. మూలధనము కనీసము 25,000 యూరోలుండవలెను. అందు సగము, అనగా 12,500 యూరోలు, నమోదుకు ముందే చెల్లింపవలెను. ఒప్పందపత్రమును నోటరీ యెదుట చదివి సంతకము చేయవలెను. నోటరీ దానిని మొదటినుండి చివరివరకు పైకి చదువుట అచటి విధి. పిదప వాణిజ్య రిజిస్టరులో నమోదు, పన్నుల కార్యాలయములో నమోదు, స్థానిక వాణిజ్య మండలిలో సభ్యత్వము. ఈ చివరిది ఐచ్ఛికము కాదు, నిర్బంధము. వస్తువులను డబ్బాలలోను, అట్టపెట్టెలలోను పెట్టి జర్మన్ గృహస్థులకు అమ్మువారు, 2019 నుండి, ఆ పెట్టెల నిమిత్తము వేరొక రిజిస్టరులో పేరు చేర్చుకొని, వాటి చెత్తను ఎత్తు ఖర్చు ముందే భరింపవలెను. ఈ సంగతి తెలియక సరకు పంపి చిక్కులపాలైన చిన్న వర్తకులు తక్కువమంది కారు.

ఇక ముఖాముఖి వ్యవహారము. పదిగంటలకు సమావేశమనినచో తొమ్మిది గంటల ఏబదియైదు నిమిషములకు వాకిట నుండవలెను. ఆలస్యము తప్పనిచో ముందుగా ఫోనుచేసి చెప్పవలెను. సమావేశమునకు ముందే విషయముల పట్టిక చేతికి వచ్చును. దానిలో లేని సంగతిని హఠాత్తుగా ఎత్తుట మర్యాద కాదు. కుటుంబక్షేమములు విచారించి, టిఫిను ముగించి, తరువాత మెల్లగా బేరములోనికి దిగు మన పద్ధతి అచట సాగదు. కరచాలనము, కొద్దిపాటి పలుకరింపు, వెంటనే విషయము.

సంబోధనలో వారి సంప్రదాయము మనకు సులభముగా బోధపడును. మన ‘మీరు’, ‘నీవు’ వలెనే వారికి ‘జీ’, ‘డూ’ కలవు. క్రొత్తవారిని ‘జీ’ అనియే పిలువవలెను. పేరునకు ముందు పురుషునకు ‘హెర్’, స్త్రీకి ‘ఫ్రౌ’ చేర్చవలెను. డాక్టరు పట్టమున్నచో దానిని విడువరాదు. ‘నీవు’ అనుటకు మారుదమని పెద్దవారు, పై ఉద్యోగములోనివారు ప్రతిపాదింపవలెనే గాని చిన్నవారు తొందరపడరాదు. నూతన సాంకేతిక సంస్థలలో యువకులు మొదటినుండియు ‘డూ’ అనుట నేడు కలదు. అయినను అది వారినుండియే రావలెను. మన తెలుగువారికి ఇందొక చిన్న చిక్కు కలదు. వారు ఇంటిపేరుతో పిలుతురు. అది చివర నుండునని వారి నమ్మకము. మనము ఇంటిపేరును ముందు వ్రాసికొందుము. అందుచే కార్డులమీద ఏది ఇంటిపేరో స్పష్టముగా ముద్రించుకొనుట మేలు.

అన్నిటికంటె మనవారిని కలవరపెట్టునది వారి ముక్కుసూటితనము. ‘మొహమాటము’ అను మన మాటకు వారి వ్యాపార వ్యవహారములో తావు లేదు. మన బజారులో ‘చూద్దాము లెండి’ అనినచో ‘వద్దు’ అని అర్థము. ఇరువురికిని అది తెలియును. జర్మను ‘చూచెదము’ అనినచో నిజముగా చూచును. వద్దనినచో వద్దనియే చెప్పును. ‘మీ నమూనాలో ఈ మూడు లోపములున్నవి’ అని అతడు పదిమంది యెదుట అనుట అవమానించుటకు గాదు. లోపములు చెప్పుట కొనదలచినాడనుటకు తరచుగా గుర్తు. దీనికి నొచ్చుకొని ముఖము ముడుచుకొనినవాడు చేతికివచ్చిన బేరమును జారవిడుచుకొనును. అట్లే, చేయజాలని పనికి మర్యాదకొరకు ‘సరే’ అనుట అతని కంటికి అబద్ధముతో సమానము. ‘రెండు వారములు కాదు, అయిదు వారములు పట్టును’ అని మొదటనే చెప్పినవానిని అతడు గౌరవించును.

వ్రాతపూర్వకమైన మాటకు అచటనున్న బలమును ప్రత్యేకముగా గమనింపవలెను. మౌనము అర్ధాంగీకారమని మనమందుము. జర్మన్ వర్తకుల నడుమ కొన్ని సందర్భములలో అది సంపూర్ణాంగీకారము. నోటిమాటగా సంభాషణ ముగిసిన వెంటనే, ‘మనము ఇట్లు ఒప్పుకొంటిమి’ అని ఒక పక్షమువారు ధ్రువీకరణ లేఖ వ్రాసినప్పుడు, రెండవ పక్షమువారు ఆలసింపక అభ్యంతరము తెలుపనిచో, ఆ లేఖలోని షరతులే ఒప్పందముగా చెల్లుట అచటి న్యాయము. కనుక వచ్చిన ఉత్తరమును బల్లపై పెట్టి మరచిపోరాదు. సరకు అందినప్పుడును వర్తకుడు వెంటనే పరీక్షించి, లోపమున్నచో జాప్యము లేకుండ తెలుపవలెను. వారి వాణిజ్య స్మృతి 1900 నుండి అమలులోనున్నది. త్వరగా బిల్లు చెల్లించువారికి నూటికి రెండు మూడు వంతుల ముదరా ఇచ్చుట వారి ఆచారము. దీనిని ‘స్కాంటో’ అందురు. ఆ మేర లెక్క ముందే వేసికొని ధర చెప్పవలెను.

నిత్యజీవితపు అలవాట్లును వర్తకమును శాసించును. ఆదివారము దుకాణములు మూసియుండును. ఆ దినమును విశ్రాంతిదినముగా కాపాడవలెనను 1919నాటి రాజ్యాంగ వాక్యము నేటి రాజ్యాంగములోను చేర్చబడియున్నది. రొట్టెల అంగళ్ళు కొన్ని గంటలు, రైల్వేస్టేషను దుకాణములు, వంతుప్రకారము ఒక మందుల దుకాణము మాత్రము తెరచియుండును. రాత్రి పదింటి తరువాత శబ్దము చేయరాదు. పని ముగిసిన సాయంసమయమునకు ‘ఫైరాబెంట్’ అని ముద్దుపేరు. అటుపిమ్మట కార్యాలయమునుండి ఫోను చేయుట అనుచితము. సెలవులో నున్నప్పుడు ఉద్యోగికి జబ్బు చేసి, వైద్యుని పత్రము తెచ్చినచో, ఆ దినములు సెలవులో లెక్కింపబడవు. పండుగదినములును 16 రాష్ట్రములలో ఒకే విధముగా నుండవు. కొలోన్‌లో కార్నివాల్ సోమవారమునాడు కార్యాలయమునకు ఫోను చేసినచో పలుకువారుండరు. అదే దినమున హాంబర్గ్‌లో పని యథాప్రకారము సాగుచుండును.

ఇంటికి పిలిచినచో అది గొప్ప ఆదరణమని గ్రహింపవలెను. పూలు తీసికొని పోవచ్చును. ఎఱ్ఱ గులాబీలు ప్రేమికులకు, చేమంతులు శ్మశానమునకు అని వారి భావన. పూజకు, పెండ్లికి చేమంతులు వాడు మనకు ఇది గుర్తుండుట కష్టమే. జన్మదినమునాడు కేకు తెచ్చి సహోద్యోగులకు పంచవలసినవాడు పుట్టినవాడే. ఆ దినమునకు ముందుగా శుభాకాంక్షలు చెప్పుట అశుభమని వారి నమ్మకము. పుష్యమి, పంచమి చూచి మడిగ బోణీచేయు మనము వారి ఈ నమ్మకమును చూచి నవ్వనక్కరలేదు.

అయితే జర్మనీ యంతయు గడియారమువలె నడచుచున్నదని తలచినచో నిరాశ తప్పదు. 2024లో దూరప్రయాణపు రైళ్ళలో మూడింట ఒక వంతుకు పైగా వేళకు చేరలేదు. అనుమతులకు కాగితములు, ఆ కాగితములకు మరల కాగితములు కావలసియున్నవి. 2022లో రష్యా యుక్రెయినుపై దాడిచేసిన తరువాత చౌకయైన గ్యాసు ఆగిపోయి పరిశ్రమలకు భారము పెరిగినది; 2023, 2024 సంవత్సరములలో ఆ దేశపు ఆర్థికవ్యవస్థ కుంచించుకొనెను. వృద్ధులు పెరుగుచు, పనివారు తగ్గుచున్నారు. ఈ కొరతయే మనవారికి ద్వారము తెరచినది. 2022-23 విద్యాసంవత్సరములో భారతీయ విద్యార్థులు దాదాపు 43 వేలమంది అచట చదువుచుండి, విదేశీ విద్యార్థులలో చైనావారిని మించి ప్రథమస్థానము పొందిరి. వారిలో తెలుగు యువకులు, యువతులు అనేకులు. అచటి భాషయు, మన భాషయు ఎరిగిన ఇట్టివారు మన సంస్థలకు వారధులు కాగలరు.

రూర్కెలా ఉక్కు కర్మాగారమును పశ్చిమ జర్మనీ సంస్థల సహకారముతో నిర్మించుకొన్న నాటికే, 1956లో, ఇండో-జర్మన్ వాణిజ్య మండలి బొంబాయిలో వెలసినది. హానోవర్‌లో యంత్రములకు, కొలోన్‌లో ఆహారపదార్థములకు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుస్తకములకు జరుగు ప్రదర్శనములలో మన దేశపు అంగళ్ళు నెలకొనుచున్నవి. క్రొత్తగా ప్రయత్నించువారు మొదట ఇట్టి ప్రదర్శనమునకు ప్రేక్షకులుగా పోయి, ఎవరేమి అడుగుచున్నారో రెండు దినములు విని రావలెనని మా సూచన. అటుపిమ్మట చిన్న ఆర్డరును స్వీకరించి, చెప్పిన కొలతకు, చెప్పిన దినమునకు పంపవలెను. ఆ మొదటి ఆర్డరులో లాభము మిగులకపోవచ్చును. జర్మన్ కొనుగోలుదారు దానిని పరీక్షగా పెట్టును. రెండవ ఆర్డరుతో అసలు వ్యాపారము ఆరంభమగును.